అమ్మగారి మోకాళ్ల నొప్పి మాత్ర: దాని పక్కన ఇంకేం మాత్రలు ఉన్నాయో చూశారా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకి కూడా విషయం తెలుస్తుంది. అమ్మగారికి 63 ఏళ్లు, తెనాలి దగ్గర పల్లెలో ఉంటారు. మోకాళ్లలో గుజ్జు అరిగిందని రెండు నెలల కిందట ఎముకల డాక్టర్ ఎసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325 కలిసిన మాత్ర ఉదయం ఒకటి, రాత్రి ఒకటి, పరగడుపున పాంటోప్రజోల్ ఒకటి, పది రోజులకి రాశారు. నొప్పి తగ్గిందని ఆవిడ పది రోజుల తర్వాత కూడా మందుల షాపులో పాత షీటు చూపించి అదే మాత్ర తెప్పించుకుంటున్నారు. ‘నాకు గ్యాస్ లేదుగా’ అని పాంటోప్రజోల్ మానేశారు. ఇవి కాక బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగర్‌కి మెట్‌ఫార్మిన్, ఎప్పుడో ఒక డాక్టర్ రాసిన ఎకోస్ప్రిన్ 75 (తక్కువ డోసు ఆస్పిరిన్) రోజూ వేసుకుంటారు. ఈ మధ్య సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. నొప్పి మాత్ర ఇలా వాడొచ్చా, వాడితే ఎలా జాగ్రత్తపడాలి అన్నది మీ ప్రశ్న.

నేను ఫార్మసిస్టుని. ఆసుపత్రి ఫార్మసీలో ఇరవై ఏళ్లకు పైగా పని చేశాను. డాక్టర్‌ని కాదు కాబట్టి మందు మార్చమని చెప్పే అధికారం నాకు లేదు. కానీ మీరు రాసినదాంట్లో మూడు విషయాలు చదవగానే నాకు భయం వేసింది: పాదాల వాపు, మానేసిన పాంటోప్రజోల్, ఆ బీపీ మాత్ర. అందుకే ముందు పని చెప్పేస్తాను. డాక్టర్‌తో మాట్లాడేదాకా ఈ రోజు నుంచి ఆ నొప్పి మాత్ర ఆపించండి. దీన్ని మెల్లమెల్లగా తగ్గించాల్సిన అవసరం లేదు, ఒక్కసారిగా ఆపినా ఏం కాదు. నొప్పి మళ్లీ రావచ్చు, అంతే. బీపీ మాత్ర, షుగర్ మాత్ర, ఎకోస్ప్రిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి. రేపు ఉదయం ల్యాబ్‌లో సీరం క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే పరీక్ష, కిడ్నీ దెబ్బతింటే ఈ అంకె పెరుగుతుంది), పొటాషియం, హిమోగ్లోబిన్, యూరిన్ పరీక్ష చేయించండి, బీపీ చూపించండి. పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, ఇవన్నీ ఒకే కుటుంబం. ఒంట్లో దెబ్బ తగిలిన చోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. నొప్పి, వాపు, వేడి వాటివల్లే ఎక్కువవుతాయి. ఈ మందులు వాటి తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్ పని చేసేది ఇలాగేనని జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1971లో చూపించాడు, 1982లో ఆయనకి నోబెల్ వచ్చింది. చిక్కు ఏమిటంటే, ఆ ప్రోస్టాగ్లాండిన్లు మోకాల్లో నొప్పి పుట్టించడంతో సరిపెట్టుకోవు. కడుపు లోపలి పొరని ఆమ్లం నుంచి కాపాడేవీ అవే, కిడ్నీకి రక్తం సరిగ్గా అందేలా చూసేవీ అవే. మాత్రకి మోకాలేదో కడుపేదో తెలియదు. అన్నిచోట్లా ఆపేస్తుంది.

కిడ్నీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మగారి విషయంలో అదే ముఖ్యం. మీది డెల్టా ప్రాంతం కాబట్టి ఊళ్లో చెరువుని తలుచుకోండి. కాలువ నుంచి ఒక తూము గుండా నీళ్లు లోపలికి వస్తాయి, ఇంకో తూము గుండా బయటకి పోతాయి. చెరువులో మట్టం నిలవాలంటే రెండు తూములూ సరిగ్గా ఉండాలి, కాలువలో నీళ్లూ ఉండాలి. కిడ్నీలో రక్తం వడపోత జరిగే చోటు కూడా ఇలాంటిదే. లోపలికి వచ్చే తూముని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు. నొప్పి మాత్ర ఆ తూముని మూస్తుంది. టెల్మిసార్టాన్ బయటకి పోయే తూముని వెడల్పు చేస్తుంది, మామూలప్పుడు కిడ్నీకి అది మంచిదే. హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రం ఎక్కువ పోయేలా చేసి కాలువలో నీళ్లనే తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి జరిగితే చెరువు అడుగంటుతుంది. ఈ కలయికని ప్రపంచమంతటా డాక్టర్లు ‘ట్రిపుల్ వామీ’ అంటారు, మూడు దెబ్బలు ఒక్కసారే పడటం అని. ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, ఓల్మిసార్టాన్ వాడేవాళ్లకీ, ఫ్రూసెమైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటి నీటి మాత్రలు వాడేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది.

మా చిన్నాన్నగారికి ఇదే జరిగింది. ఎండాకాలం, ఇంట్లో పెళ్లి. రోజంతా తిరగడం, నీళ్లు తాగకపోవడం. నడుం నొప్పికి ఎవరో ఇచ్చిన డైక్లోఫెనాక్ నాలుగు రోజులుగా వేసుకుంటున్నారు. ఐదో రోజు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. బీపీ మాత్ర మానకూడదని అదీ వేసుకున్నారు, ఒళ్లు నొప్పులని నొప్పి మాత్రా వేసుకున్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి క్రియాటినిన్ 4 దాటింది, అంతకుముందు ఏడాది 1 ఉండేది. అదృష్టం, డయాలసిస్ దాకా వెళ్లలేదు. సెలైన్ ఎక్కించి, మాత్రలు ఆపితే పది రోజుల్లో దిగింది, కానీ మళ్లీ 1కి రాలేదు. ఆయన బీపీకి ఏం వాడుతున్నారో నాకు తెలుసు. నొప్పి మాత్ర గురించి ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే ఆపమనేదాన్ని. ఆయనకి అడగాలని తోచలేదు, నాకు ముందే చెప్పి ఉంచాలని తోచలేదు. ఈ రోజుకీ ఆ బాధ పోలేదు. అప్పటినుంచి బీపీ మాత్రలు తీసుకెళ్లే ప్రతి మనిషినీ ‘నొప్పులకి ఏమైనా వాడుతున్నారా’ అని అడగకుండా పంపలేదు.

పాదాల వాపు కూడా ఈ దారిలోనే రావచ్చు. నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ, నీటినీ నిలవ ఉంచుతాయి, బీపీ పెంచుతాయి, బీపీ మాత్ర పనితనాన్ని తగ్గిస్తాయి. ‘బీపీ మాత్ర పని చేయడం లేదు, డోసు పెంచండి’ అని వచ్చినవాళ్లలో కొందరికి అసలు కారణం నొప్పి మాత్రే అవుతుంది. వాపుకి వేరే కారణాలు, గుండె, లివర్, కాళ్ల సిరలు కూడా ఉండొచ్చు. అందుకే పరీక్ష చేయించమన్నది.

ఇక కడుపు. ‘గ్యాస్ లేదు కాబట్టి గ్యాస్ మాత్ర వద్దు’ అనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. పాంటోప్రజోల్ ఇక్కడ మంట తగ్గించడానికి రాసింది కాదు, పుండు పడకుండా రాసింది. నొప్పి మాత్రల వల్ల పడే పుండు చాలామందికి ముందు ఏ మంటా లేకుండా నేరుగా రక్తస్రావంతోనే బయటపడుతుంది, ఎందుకంటే నొప్పి తెలియకుండా చేసే మందు ఒంట్లోనే ఉంది కదా. 60 దాటినవాళ్లు, ఇంతకుముందు అల్సర్ ఉన్నవాళ్లు, ఆస్పిరిన్ వాడేవాళ్లు నొప్పి మాత్ర వేసుకున్నన్ని రోజులూ పాంటోప్రజోల్ గాని, ఒమెప్రజోల్ గాని వేసుకోవాలి. పొద్దున టిఫిన్‌కి అరగంట ముందు. మీ అమ్మగారు మొదటి లెక్కలో వయసుతో, మూడో లెక్కలో ఎకోస్ప్రిన్‌తో వస్తారు. తిన్నాక వేసుకుంటే చాలు అనుకోవడమూ సరికాదు. తిండి వల్ల కడుపులో వికారం, మంట తగ్గుతాయి. పుండు మాత్రం మందు రక్తంలో కలిశాక కూడా పడుతుంది. అందుకే ఇంజక్షన్ వేయించుకుంటే కడుపుకి ఏం కాదన్న మాటలో నిజం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వారానికో సూది వేయించుకునేవాళ్లు ఇది తప్పక తెలుసుకోవాలి. కొన్నిచోట్ల ఆ సూదిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా కలుపుతారు. వెంటనే హాయిగా ఉంటుంది, కానీ స్టెరాయిడూ నొప్పి మందూ కలిస్తే అల్సర్ ప్రమాదం ఇంకా పెరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి షుగర్ కూడా ఎగబాకుతుంది.

ఎకోస్ప్రిన్ ఎందుకు రాశారో కనుక్కోండి. దీని మీద చాలా ఆధారపడి ఉంది. గుండెపోటు వచ్చిందనో, స్టెంట్ వేశారనో, పక్షవాతం వచ్చిందనో రాసి ఉంటే, ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్ ఆవిడకి వాడకూడని మందులు. ఈ కుటుంబంలో చాలా మందులు గుండెపోటు ప్రమాదాన్ని కొంత పెంచుతాయి. రోఫెకాక్సిబ్ అనే మందుని ఈ కారణంగానే 2004లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. ‘కడుపుకి మంచిది’ అని పేరున్న ఎటోరికాక్సిబ్ కూడా బీపీ అదుపులో లేనివాళ్లకి ఇవ్వకూడదు. ఒకవేళ ఏ గుండె జబ్బూ లేకుండా ఊరికే ముందు జాగ్రత్తగా ఎకోస్ప్రిన్ రాసి ఉంటే, అది ఇంకా అవసరమా అని డాక్టర్‌నే అడగండి. ఇంకో చిన్న విషయం: గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు ఐబుప్రోఫెన్ వేసుకుంటే, అది ఆస్పిరిన్ పనికి అడ్డుపడుతుంది. పూత లేని మామూలు ఆస్పిరిన్ అయితే, అది వేసుకున్న అరగంట తర్వాత, లేదంటే దానికి ఎనిమిది గంటల ముందు ఐబుప్రోఫెన్ వేసుకోవాలి, అదీ డాక్టర్ ఒప్పుకుంటేనే. ఎకోస్ప్రిన్ లాంటి పూత ఉన్న మాత్రకి ఈ లెక్క పనికిరాదు.

మాత్రల పేర్ల దగ్గర జరిగే మోసపోవడం గురించి చెప్పకుండా ఉండలేను. షీటు మీద పెద్దక్షరాల్లో ఉండే పేరు కంపెనీ పెట్టుకున్నది. దాని కింద చిన్నక్షరాల్లో ఉన్నదే మందు. జీరోడాల్-పి లో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ ఉన్నాయి. జీరోడాల్-ఎస్‌పి లో ఆ రెండూ ఉండి, సెర్రాషియోపెప్టిడేజ్ అదనం. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్ 400, పారాసిటమాల్ 325. డోలో 650లో పారాసిటమాల్ ఒక్కటే. మోకాలికి మొదటిది, పంటి నొప్పికి మూడోది వేసుకుంటే ఒకే పని చేసే రెండు మందులు పడ్డట్టు. నొప్పి రెట్టింపు తగ్గదు, ప్రమాదం మాత్రం పెరుగుతుంది. ఒక సమయంలో ఈ కుటుంబం నుంచి ఒక్క మందే. పారాసిటమాల్ కూడా ఎన్ని మాత్రల్లో దాగి ఉందో కూడిక వేసుకోండి. పెద్ద వయసువాళ్లకి రోజు మొత్తం 3 గ్రాములు దాటకుండా చూడటం మంచిది, లివర్ జబ్బు ఉన్నా, మద్యం అలవాటున్నా ఇంకా తక్కువ. పొట్లంలో కట్టి ఇచ్చే పేరులేని సెట్టు మాత్రలు అసలు తీసుకోవద్దు. అందులో ఏముందో తెలియకపోతే రేపు ఆసుపత్రిలో ఏం చెబుతారు?

డాక్టర్ మళ్లీ చూసి, రిపోర్టులు బాగున్నాయి, కొన్ని రోజులు వాడొచ్చు అంటే, వేసుకునే పద్ధతి ఇది. ఎసిక్లోఫెనాక్ 100 అయితే రోజుకి రెండే, మధ్యలో దాదాపు పన్నెండు గంటలు. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో, కూర్చుని. వేసుకోగానే పడుకోవద్దు, అరగంట ఆగాలి, లేకపోతే గొంతులో అతుక్కుని పుండు చేయొచ్చు. ఎస్‌ఆర్ (మందు మెల్లమెల్లగా విడుదలయ్యేది) అని రాసి ఉన్నవి రోజుకి ఒకటే, వాటిని విరచకూడదు, నూరకూడదు. ఒక పూట మర్చిపోతే తర్వాతి పూట రెండు వేసుకోకూడదు. నొప్పి ఉన్న రోజే వేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడగండి. మోకాలి అరుగుదలకి చాలామందికి రోజూ అవసరం ఉండదు. సరిపోయే అతి తక్కువ డోసు, అతి తక్కువ రోజులు అన్నది వైద్యంలో ఒప్పుకున్న నియమమే. ఎక్కువ రోజులు తప్పదంటే, మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకి ఒకసారి, ఆ తర్వాత డాక్టర్ చెప్పినప్పుడల్లా క్రియాటినిన్, బీపీ చూడాలి. రిపోర్టులో కిడ్నీ వడపోత ఎంత ఉందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్ అనే అంకె 60 కన్నా తక్కువుంటే చాలా ఆలోచించి వాడాలి, 30 కన్నా తక్కువుంటే వాడకూడదు. షుగర్ ఉన్నవాళ్లకి బయటికి తెలియకుండానే కిడ్నీ కొంత దెబ్బతిని ఉండొచ్చు కాబట్టి ఈ అంకె చూడకుండా మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

వేసుకోకూడని రోజులు కొన్ని ఉన్నాయి, ఇవి అమ్మగారికి నోటికి వచ్చేలా చెప్పండి. వాంతులు, విరేచనాలు ఉన్న రోజు. జ్వరం వచ్చిన రోజు, ముఖ్యంగా వానాకాలంలో, అది డెంగీ అయితే ఈ మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి, పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. ఏకాదశి, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలు, తిండీ నీళ్లూ లేని రోజు. వడగాడ్పులో పొలానికో, మిరప కోతలకో వెళ్లి చెమట కారిపోయిన రోజు. పళ్లు పీకించుకోవడానికి, ఆపరేషన్‌కి, రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌కి వెళ్లేటప్పుడు ముందే డాక్టర్‌కి చెప్పాలి. వాంతులు, విరేచనాలు ఎక్కువైతే బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ ఆ ఒకటి రెండు రోజులు ఏం చేయాలో కూడా అదే రోజు ఫోన్ చేసి అడగండి.

మరి నొప్పికి ఏం చేయాలి అంటారా? ఆవిడ బాధ నిజం, ఓర్చుకోమనడం నా ఉద్దేశం కాదు. మోకాలి అరుగుదలకి డైక్లోఫెనాక్ జెల్ చాలామందికి బాగా పనిచేస్తుంది. మాత్రతో పోలిస్తే రక్తంలోకి చేరేది 6 శాతం దగ్గర మాత్రమే. వేలి చివర చుక్క రాస్తే సరిపోదు, మోకాలు చుట్టూ పట్టేంత, రోజుకి మూడు నాలుగు సార్లు, వారం రెండు వారాలు రాసి చూడాలి. పుండ్లున్న చోట రాయకూడదు, రాశాక దాని మీద కాపడం పెట్టకూడదు. కిడ్నీ జబ్బు ఉందని తేలితే జెల్‌కీ డాక్టర్‌ని అడగాలి. దీనికి తోడు తొడ కండరాల వ్యాయామం: కుర్చీలో కూర్చుని కాలు చాపి ఐదు లెక్కపెట్టేదాకా నిలిపి దించడం, ఒక్కో కాలికి పది సార్లు, రోజుకి రెండు పూటలా. కింద కూర్చుని కూరలు తరగడం మానిపించి ఎత్తు పీట గాని, బల్ల గాని అమర్చండి. మరుగుదొడ్డిలో పైన పెట్టుకునే కుర్చీ కమోడ్ కొనివ్వండి. ఈ రెండు మార్పులతోనే మాత్రలు సగానికి తగ్గించినవాళ్లని నేను చూశాను.

ఇది చదివే మిగతావాళ్ల కోసం రెండు మాటలు. గర్భిణులు ఐదో నెల దాటాక ఈ మందులు సొంతంగా వేసుకోకూడదు. బిడ్డ కిడ్నీల మీద, గుండె దగ్గర రక్తనాళం మీద ప్రభావం ఉంటుంది. ఆస్పిరిన్‌తో ఆయాసం వచ్చినవాళ్లు ఈ కుటుంబం జోలికే వెళ్లకూడదు. వార్ఫరిన్, ఎసిట్రామ్, మెథోట్రెక్సేట్, లిథియం వాడేవాళ్లు అడగకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు. పన్నెండేళ్ల లోపు పిల్లలకి నిమెసులైడ్ మన దేశంలో 2011 నుంచి నిషేధం, పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి. ఉద్దానం వైపు వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను: అక్కడి కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు, కానీ ఒకసారి కిడ్నీ బలహీనపడ్డాక ఈ మాత్రలు దాన్ని ఇంకా తొందరగా దెబ్బతీస్తాయన్నది తేలిన విషయమే. మన రాబందులు ఏమయ్యాయో తెలుసా? పశువులకి ఇచ్చిన డైక్లోఫెనాక్ వాటి కళేబరాల్లో మిగిలి, తిన్న రాబందుల కిడ్నీలు పాడై లక్షల్లో చచ్చిపోయాయి. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు. ఎసిక్లోఫెనాక్ కూడా పశువుల ఒంట్లో డైక్లోఫెనాక్‌గా మారుతుందని 2023లో దాన్నీ నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు. అయినా ఆ మందుకి కిడ్నీతో ఉన్న సంబంధం ఎలాంటిదో తలుచుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మందు వల్ల ఏదైనా చెడు జరిగిందని అనిపిస్తే 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, డబ్బు పడదు. ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపేది. మెఫెనమిక్ యాసిడ్‌తో ఒంటి నిండా దద్దుర్లు, జ్వరంతో వచ్చే తీవ్రమైన అలర్జీ గురించి 2023 చివర్లో దేశమంతా హెచ్చరించింది ఈ సంస్థే.

మీరు ఈ రాత్రి అమ్మగారికి ఫోన్ చేసినప్పుడు ఒక్కటి తప్పకుండా అడగండి, ఆవిడ తనంతట తాను చెప్పరు: విరేచనం తారులా నల్లగా, జిగటగా అవుతోందా అని. ఐరన్ మాత్రలు వేసుకుంటే కూడా నల్లగా అవుతుంది, అవి లేకుండా అలా ఉంటే పొద్దున దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. మూత్రం బాగా తగ్గినా, ఆయాసం వచ్చినా, గుండెలో బరువుగా ఉన్నా, కాఫీ పొడి రంగు వాంతి అయినా అంతే. ఇవేవీ లేకపోతే, ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, పక్కింటావిడ ఇచ్చినవి కూడా, ఒక కవర్లో వేసుకుని ల్యాబ్ రిపోర్టుతో డాక్టర్ దగ్గరికి వెళ్లమని చెప్పండి. రిపోర్టులో క్రియాటినిన్, పొటాషియం ఎంత వచ్చాయో ఇక్కడ రాయండి, డాక్టర్‌ని ఏం అడగాలో చూసి చెబుతాను.